మూడు ఉద్యోగాలు, ఒక బెంచీ

ఆ తలుపు వెనక స్తంభం ఏం చెబుతున్నాడో, అసలు నోరు విప్పాడో లేదో, ఒక్క ముక్క వినిపించి చావదు, ఇంత మందం తలుపు ఎవరు పెట్టమన్నారో, లోపల ఉన్నది మనుషులా బంగారమా అనుకుంటూ టీచరమ్మ బెంచీ ఇటు చివరి నుంచి అటు చివరికి జరిగింది. అటు నుంచీ ఏమీ వినిపించలేదు. ఆసుపత్రి అడుగు అంతస్తులో ఉండే నడవా అది, ఒక పక్క ఉతికిన దుప్పట్లూ దిండు గలీబులూ పేర్చే బట్టల గది, రెండో పక్క ఈ పరీక్ష గది, మధ్యలో ఈ బెంచీ. బట్టల గది తలుపు తెరిచినప్పుడల్లా వెచ్చటి ఆవిరి, సబ్బు వాసన, ఇస్త్రీ వాసన గుప్పున వచ్చి మొహానికి తగులుతున్నాయి. తన పక్కన ముగ్గురు నర్సులు వంతు కోసం కూర్చుని, పెదవులు కదుపుతూ ఏదో వల్లె వేసుకుంటున్నారు, పెళ్ళిపీటల మీద మంత్రం మర్చిపోయిన పెళ్ళికొడుకుల్లాగా. నవ్వకూడదు అనుకుంది. నవ్వితే వాళ్ళ ప్రాణాలు అక్కడే పోతాయి. వాళ్ళందరూ తలా ఒక దేశం నుంచి వచ్చినవాళ్ళు, చేతిలో నర్సు పని బ్రహ్మాండంగా ఉంది, నోట్లో ఇంగ్లీషు లేదు. మాట పరీక్ష నెగ్గితే ఉద్యోగం ఖాయం. స్తంభానికి మాత్రం ఇదే ఆఖరు, ఇంతకుముందే రెండుసార్లు తప్పాడు, ఈసారి తప్పితే సామాను సర్దుకుని వాళ్ళ దేశం విమానం ఎక్కడమే. అంత ఎత్తు మనిషి, అంత వెడల్పు భుజాలు, క్లాసులో నిలబడమంటే నిలబడి అలాగే ఉండిపోయేవాడు, అందుకే మొదటిరోజే ఆమె మనసులో స్తంభం అని పేరు పెట్టుకుంది, పాపం, పైకి ఎప్పుడూ అనలేదు.

బెంచీ మీద పెట్టిన ఫోను వైపు చూసింది. మోగలేదు. అది మోగక్కర్లేదు, తనే చెయ్యాలి. యూనివర్సిటీ వాళ్ళకి మధ్యాహ్నం భోజనాల లోపల వస్తాననో రాననో చెప్పాలి, స్కూలు వాళ్ళకి సాయంత్రం లోపల. జీవితమంతా ఒక ఊరి బళ్ళో ఇంగ్లీషు చెబుతూ సుద్దముక్కలు అరగదీసి, ఇంటికి వచ్చాక కూడా చేతుల మీద ఆ తెల్లటి పొడి దులుపుకున్న మనిషికి, ఈ వయసులో, విదేశంలో, ఒకటి కాదు రెండు కాదు, మూడు ఉద్యోగాలు. పాతికేళ్ళప్పుడు ఒక్కటి దొరికితే చాలు ఎగిరి గంతేసేది. ఇప్పుడు మూడూ వచ్చి కొంగు పట్టుకు లాగుతుంటే కాళ్ళు కదలడం లేదు. చెల్లెలు ఈ ఆసుపత్రిలోనే పై అంతస్తులో నర్సు, చాలా ఏళ్ళ నుంచీ ఇక్కడే ఉంటోంది, ఫోనులో ఇంగ్లీషు గడగడా మాట్లాడుతుంటే టీచరమ్మకే ముచ్చటేసేది. ఇంటర్వ్యూలకి రమ్మన్నప్పుడు, "నా దగ్గర దిగు అక్కా, సోఫా లాగితే మంచమవుతుంది" అంది. ఆ సోఫా లాగితే మంచమవడం నిజమే గానీ, నడుం మధ్యలో ఒక ఇనుప కమ్మీ ఉంటుందన్న సంగతి చెప్పలేదు.

ఆ స్కూలు. అబ్బ, ఏం స్కూలు. గాజుగోడలు, నున్నటి నేల, పిల్లల బూట్లు కూడా చప్పుడు చెయ్యకుండా నడిచేవి. హెడ్ మిస్ట్రెస్ దగ్గర ఏదో ఖరీదైన సెంటు వాసన, మనిషి మంచిదే, మర్యాద మనిషి, కుర్చీ తనే జరిపి కూర్చోబెట్టింది. చేతిలో ఒక లావుపాటి పుస్తకం పెట్టింది, అందులో ఏ నిమిషానికి టీచరు ఏ మాట అనాలో, పిల్లలు ఏమంటారో, వాళ్ళు అలా అంటే మళ్ళీ టీచరు ఏమనాలో మొత్తం అచ్చేసి ఉంది. పిల్లలు అందులో రాసింది కాకుండా ఇంకేదైనా అంటేనో, అని అడిగితే ఆవిడ నవ్వింది, అనరు అంది. అయినా ఆ పిల్లలు ముద్దొచ్చారు. వెనక బెంచీలో ఒక బుడంకాయ బూటు లేసు విప్పుకుని, కట్టు అన్నట్టు కాలు చాపింది, పుస్తకంలో ఆ మాట ఎక్కడా లేదు మరి. ఇల్లు ఇస్తామన్నారు, బాల్కనీ ఉన్న ఇల్లు. చెల్లెలు ఆ ఫొటోలు చూసి, కళ్ళు మూసుకుని ఒప్పేసుకో అంది. ఒప్పేసుకునేదే. చివర్లో హెడ్ మిస్ట్రెస్ గొంతు తగ్గించి, చాలా మెత్తగా, "మీ పేరు మా పిల్లల తల్లిదండ్రులకి నోరు తిరగదు, మేం మీకు ఒక చిన్న పేరు పెట్టాం, ఇప్పటికే బ్యాడ్జీ కూడా చేయించాం" అని బల్ల మీద పెట్టింది. ఏదో పువ్వు పేరు. మంచి పువ్వే. "ఎక్కడ పుట్టారని ఎవరైనా అడిగితే మాట మార్చెయ్యండి, సరదాగా" అని కూడా అంది. టీచరమ్మ ఆ బ్యాడ్జీ వేళ్ళతో తిప్పి చూసింది, వెనక పిన్నీసు ఉంది, ఆ పిన్నీసు ఎక్కడో గుచ్చుకుంది, వేలికి కాదు.

చెల్లెలితో చెబితే, "పేరుదేముంది, మనింట్లో నిన్ను ఎన్ని పేర్లతో పిలవలేదు" అంది. నిజమే. పిలిచారు. కానీ అవి పిలిచినవాళ్ళ ప్రేమతో పుట్టిన పేర్లు, నోరు తిరక్క పెట్టినవి కావు.

బట్టల గదిలోంచి బండి తోసుకుంటూ ఒకాయన వచ్చాడు, దుప్పట్ల దొంతర మీద గడ్డం ఆనించి, ఏం టీచరుగారూ, ఇంకా రాలేదా మీ పొడుగాయన, అన్నట్టు కళ్ళెగరేశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. బండి చక్రం ఒకటి కీచుమంటూ నడవా చివరిదాకా వెళ్ళింది.

యూనివర్సిటీ మాట వేరు. దానికి వంక పెట్టడానికి లేదు, అదే కష్టం. అక్కడి శాఖాధిపతి కుర్రాడే, తన దగ్గర చదువుకున్న మొదటి బ్యాచి పిల్లల వయసుంటుంది, లేచి నిలబడి నమస్కారం లాంటిది చేశాడు, కాఫీ తనే కలిపి తెచ్చాడు, ఆమె చెప్పిన పాఠాన్ని వాక్యం వాక్యం గుర్తుపెట్టుకుని మెచ్చుకున్నాడు. ఒక గది చూపించాడు. దాని తలుపు మీద మీ పేరు ఉంటుంది అన్నాడు, అసలు పేరే, ఏ అక్షరం ఎలా రాయాలో అడిగి తెలుసుకున్నాడు కూడా. పుస్తకాల బీరువా, రాసుకునే బల్ల, కిటికీలోంచి కొమ్మలు. పట్టా పుచ్చుకున్న రోజు నుంచీ మనసు అడుగున దాచుకున్న గది అది, ఎవరికీ చెప్పనిది, చెబితే నవ్వుతారని. వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంది కూడా, ఒక్క క్షణం, కుర్రాడు అటు తిరిగినప్పుడు. తర్వాత పాఠం చెప్పమన్నారు. వ్యాసం ఎలా మొదలుపెట్టాలన్న పాఠం. ముప్పైమంది పిల్లలు, అందరి ముందూ తెరిచిన కంప్యూటర్లు, ఆమె ఒక మాట అనేలోపు టకటకా నాలుగు పంక్తులు రాసేస్తున్నారు, అన్నీ ఒప్పులే, ఎర్ర సిరా పెట్టడానికి చోటు లేదు. ప్రశ్న అడిగితే మర్యాదగా చిరునవ్వు నవ్వారు. పాఠం అయ్యాక మర్యాదగా లేచి వెళ్ళిపోయారు. పాపం వాళ్ళ తప్పేం లేదు. ఆమె లేకపోయినా ఆ వ్యాసాలు అలాగే వస్తాయి, అంతే. అంటే నన్ను అందరూ ఆధారం చేసుకోవాలా, నా చెయ్యి పట్టుకోకపోతే నాకు తోచదా, ఇదేం పొగరు, అని తనని తనే గదమాయించుకుంది. రాత్రి ఇనుప కమ్మీ మీద దొర్లుతూ అదే ప్రశ్న పదే పదే వేసుకుంది.

ఈ మూడోది అసలు ఉద్యోగంలా మొదలవ్వలేదు. ఇక్కడి నర్సులకి ఇంగ్లీషు చెప్పే పంతులు పరీక్షలు దగ్గరపడుతుంటే మధ్యలో మానేసి పోయాడు, ఖాళీగానే ఉన్నావుగా అక్కా, కాస్త ఆదుకో అని చెల్లెలే లాక్కొచ్చింది. ఆదుకోవడం వరకే దాని ఉద్దేశం. తీరా శిక్షణ ఆఫీసరు, ఎప్పుడూ పరుగు మీద ఉండే బక్కపల్చని మనిషి, ఉండిపోండి, పర్మనెంటుగా, అనేసరికి చెల్లెలు పెదవి విరిచింది. "ఇంత చదువు చదివి దుప్పట్ల పక్క గదిలోనా?" జీతం కూడా ఆ రెండిటి కంటే తక్కువే. తలుపు మీద పేరు కాదుగదా, బట్టల గదిని ఆనుకున్న ఆ క్లాసు గదికి సరైన తలుపే లేదు, క్లాసు మధ్యలో ఎవరో ఒకరు దిండు గలీబుల కోసం వచ్చిపోతుంటారు.

మొదటిరోజు అందరినీ మాట్లాడమంది. ఒక్కొక్కరూ నీళ్ళు నమిలారు. ఏం అడిగినా ఎస్, ఏం చెప్పినా ఎస్, కాకపోతే సారీ. మీకు భోజనం అయిందా అంటే ఎస్, మీ పేరేమిటి అంటే ఎస్. స్తంభం అయితే అదీ లేదు, తల ఊపడమే. తర్వాత చెల్లెలు చెప్పింది అతని సంగతి. కిటికీ పక్క మంచం మీది ముసలాయన్ని స్కానింగుకి పంపమని హెడ్ నర్సు ఫోనులో గబగబా చెప్పిందట, ఇతను ఎస్ అన్నాడట, ఏమీ అర్థం కాలేదు, అడగడానికి భయం, ముసలాయన ఏమీ తినకుండా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అలా ఎదురుచూస్తూనే ఉన్నాడు. ప్రాణం మీదికి రాలేదు, అదృష్టం. నింద మాత్రం మొత్తం ఇతని మీద పడింది. గబగబా చెప్పినావిడని ఎవరూ ఏమీ అనలేదు. ఆ మాట విన్నప్పుడు టీచరమ్మకి ఒళ్ళు మండింది, ఎందుకంత మండిందో వెంటనే అర్థం కాలేదు, బస్సులో ఇంటికి వెళ్తుంటే, ఎదుటి సీటులో ఒకాయన చేతి గడియారానికి కీ ఇచ్చుకుంటుంటే అర్థమైంది. నాన్న.

నాన్న గడియారాలు బాగుచేసేవాడు. కంటికి ఆ నల్లటి భూతద్దం బిగించుకుని, ఊపిరి బిగబట్టి, చిన్న చిన్న చక్రాలతో గంటలు గంటలు గడిపేవాడు. ఆమె పదో తరగతిలో ఇంగ్లీషు తప్పింది. అవును, ఇంగ్లీషే, ఈ సంగతి బళ్ళో ఏ పిల్లకీ ఎప్పుడూ చెప్పలేదు. ఏడుస్తూ మూల కూర్చుంటే నాన్న భూతద్దం తీసి, "నువ్వొక్కదానివే వెళ్ళడమెందుకమ్మా, నేనూ కడతాను, ఎలాగూ నాకూ పది లేదుగా" అన్నాడు. ఇద్దరూ ఒకే పుస్తకం చదివారు, ఒకే హాల్లో, రెండు వరసల తేడాతో కూర్చున్నారు, చుట్టూ అందరూ పిల్లలే, మధ్యలో బట్టతల నాన్న. కాగితాలు ఇచ్చాక హాలంతా చీమ చిటుక్కుమన్నా వినిపించేట్టు ఉంటే, నాన్న లేచి నిలబడి, ఏ బెరుకూ లేకుండా, "సార్, ఈ మూడో ప్రశ్న నాకు అర్థం కాలేదు, ఒక్కసారి మెల్లిగా చదివి పెట్టండి" అన్నాడు. హాలంతా ఘొల్లుమంది. భూమి చీలిపోతే బాగుణ్ణనుకుంది ఆమె. ఆ మూడో ప్రశ్న ఆమెకీ అర్థం కాలేదు, కానీ అర్థమైనదానిలా రెండు పేజీలు నింపేసింది. ఫలితాలు వచ్చాయి. నాన్న పాసు, ఆమె ఫెయిలు. పాపం ఆయన సంతోషించడానికి కూడా మొహమాటపడి, ఇంట్లోకి దొంగలా వచ్చాడు. మిఠాయి కొనలేదు. ఆమే వెళ్ళి కొనుక్కొచ్చి ఆయన నోట్లో పెట్టింది, ఇద్దరూ నవ్వీ ఏడ్చీ, ఆ ఏడాదంతా సాయంత్రాలు కొట్లో గడియారాల టిక్కుటిక్కుల మధ్య మళ్ళీ చదివారు, ఈసారి నాన్న పంతులు.

అందుకే మర్నాడు బోర్డు మీద మూడంటే మూడే వాక్యాలు రాసింది. నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పండి. మెల్లిగా చెప్పండి. ఇంగ్లీషులో వీటికంటే పెద్ద మాటలు లేవు, ఇవి గట్టిగా అనండి, అంది. గొణిగారు. అలా కాదని వాళ్ళని జంటలుగా బట్టల గదిలోకి తీసుకెళ్ళి, దుప్పట్ల గుట్టలకి ఇటొకరినీ అటొకరినీ నిలబెట్టింది. ఆ గుట్టలు మాటని దూదిలా పీల్చేస్తాయి, అరిస్తే తప్ప అవతలికి చేరదు. అరవలేక అరిచారు, తర్వాత అరిచారు, తర్వాత నవ్వుతూ అరిచారు, బండి తోసే ఆయన ఏదో గొడవ జరుగుతోందని పరుగెత్తుకొచ్చాడు. స్తంభం ఒక్కడు నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. నిన్న, ఆఖరి క్లాసులో, నిన్ననే, గుట్ట అవతలనుంచి ఒక పెద్ద గొంతు, ఆ ఛాతీలో ఇంత గొంతు ఉందా అనిపించేంత గొంతు, "మళ్ళీ చెప్పండి!" అంది. పైన పేర్చిన దిండు గలీబులు రెండు జారి కింద పడ్డాయి. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ ఒక్క కేక మీద ఉంది ఇవాళ్టి ఆశంతా.

ఒకవేళ తప్పితే? లోపల పరీక్ష పెట్టే ఆవిడ ఎవరో బయటినుంచి వచ్చిన మనిషి, మొహం చూస్తే నవ్వడం ఎవరూ నేర్పినట్టు లేదు. తప్పితే నేనిక్కడ ఉండి ఏం సాధించినట్టు, అని ఒక పురుగు మెదిలింది. వెంటనే ఇంకొకటి. అతను నెగ్గితే ఉంటావా, తప్పితే పోతావా, ఇదేమన్నా పందెమా? తప్పితే ఇంకా కదా ఉండాల్సింది. మిగతా ముగ్గురూ ఉన్నారు, వాళ్ళ వెనక వచ్చేవాళ్ళున్నారు, ఎస్ అంటూ తల ఊపుతూ విమానాలు దిగేవాళ్ళు. అక్కడ తలుపు మీద పేరు బాగుంటుంది, ఆ కుర్చీ చాలా బాగుంటుంది, దాన్ని కాదనడానికి గుండె కలుక్కుమంటోంది, కలుక్కుమననీ, అబద్ధం చెప్పుకోవడం ఎందుకు. పొగరే అయితే పొగరే. అక్కర పడ్డ చోట ఉండాలనుకోవడం పొగరైతే, ఆ పొగరు నాకు కావాలి. ఈ మాట మనసులో అనుకున్నదో పైకే అన్నదో, పక్కనున్న నర్సు ఉలిక్కిపడి చూసింది. టీచరమ్మ ఫోను తీసింది. తలుపు ఇంకా తెరుచుకోలేదు. తెరుచుకోకముందే చెయ్యాలి.

యూనివర్సిటీ కుర్రాడు మొదటి రింగుకే ఎత్తాడు. రాలేనని చెప్పింది. ఏమైనా లోపం జరిగిందా అని కంగారుపడ్డాడు. "లోపం కాదు బాబూ, మీ పిల్లలు నేను లేకపోయినా రాస్తారు" అంది. అవతల చిన్న నవ్వు. "రాస్తారు. మీరుంటే మాకు బాగుండేది" అన్నాడు. ఆ మాట చాలు అనిపించింది, ఆ గది దక్కినంత తృప్తి. తర్వాత స్కూలు. హెడ్ మిస్ట్రెస్ కి తన పేరు చెప్పింది, ఇంటిపేరుతో సహా, మొత్తం. ఎవరూ, అందావిడ. మళ్ళీ చెప్పింది, అక్షరం అక్షరం విడదీసి, పసిపిల్లకి అన్నం ముద్దలు పెట్టినంత ఓపికగా, దీర్ఘం దగ్గర దీర్ఘం, ఒత్తు దగ్గర ఒత్తు. ఆవిడ నెమ్మదిగా పలికింది. నోరు తిరిగింది. "చూశారా, ఎంత బాగా వచ్చిందో" అంది టీచరమ్మ మనస్ఫూర్తిగా, రాలేనని చెప్పి, నమస్కారం పెట్టి, ఫోను కట్టేసింది. ఒళ్ళంతా తేలికైపోయింది.

అప్పుడు తెరుచుకుంది తలుపు. ముందు పరీక్షావిడ బయటికి వచ్చింది, కళ్ళజోడు చేతిలో పట్టుకుని, జుట్టు కాస్త రేగి. "ఈయనకి పాఠం చెప్పింది మీరేనా?" అంది. టీచరమ్మ లేచి నిలబడింది. "నా మొదటి ప్రశ్ననే మళ్ళీ మళ్ళీ చెప్పించాడు. నేను మాటల చివర్లు మింగేస్తున్నానట, అలా అయితే రోగి ప్రాణానికి ప్రమాదమట." టీచరమ్మ ఒక అడుగు ముందుకేసింది. "తర్వాత?" "తర్వాత ఏముంది, నేను పరీక్ష పెడుతున్నానో ఆయన పెడుతున్నాడో తెలీలేదు. నన్ను రోగిని చేసి కూర్చోబెట్టి, నిద్ర పడుతోందా, మందులు ఏవి వాడుతున్నారు, కళ్ళు తిరుగుతున్నాయా, అన్నీ అడిగాడు. ఆపమన్నా ఆపలేదు." అంటూ, నవ్వడం ఎవరూ నేర్పలేదనుకున్న ఆ మొహం మీద నవ్వు మెల్లగా విచ్చుకుంది. "పాసయ్యాడు. ఇక ఆయన్ని ఇక్కడినుంచి తీసుకెళ్ళండి."

స్తంభం వెనకనుంచి తల వంచి గుమ్మం దాటాడు, మొహమంతా చెమట, మొహమంతా వెలుగు. ఒక్క మాట కూడా అనకుండా నిలబడతాడేమో అనుకుంది. లేదు, మొదలుపెట్టాడు. లోపల జరిగిందంతా, ఆవిడ ఏమందో, తనేమన్నాడో, తప్పుల తడకగా, ఊపిరి తీసుకోకుండా, మిగతా ముగ్గురి భుజాలు పట్టి ఊపుతూ. ఆ ముగ్గురి మొహాల్లోకి రక్తం తిరిగొచ్చింది. తర్వాతి నర్సు వంతు పిలవకముందే లేచి, పరీక్షావిడ వెనకే తలుపు తోసుకుని లోపలికి నడిచింది. ఈ సందడి విని శిక్షణ ఆఫీసరు మెట్ల మీదినుంచి పరుగున దిగాడు. టీచరమ్మ అతన్ని అక్కడే పట్టుకుంది. "ఉంటాను. కానీ క్లాసు పని వేళల్లోనే పెట్టాలి, రాత్రి డ్యూటీ చేసి వచ్చి కునికే మనుషులకి నేను చెప్పను. వారానికో రోజు హెడ్ నర్సులూ డాక్టర్లూ కూడా వచ్చి కూర్చోవాలి, మెల్లిగా మాట్లాడ్డం వాళ్ళకి నేర్పాలి." ఆఫీసరు తల గోక్కున్నాడు. "హెడ్ నర్సుల్ని ఒప్పిస్తాను, డాక్టర్లంటే..." "డాక్టర్లు కూడా." ఆయన స్తంభాన్ని చూశాడు, పరీక్షావిడ లోపలికి వెళ్ళి మూసుకున్న తలుపు చూశాడు, పెద్ద ఊపిరి వదిలి, "డాక్టర్లు కూడా" అన్నాడు.

చెల్లెలు లిఫ్టులోంచి దిగింది, యూనిఫారంలో, మెడలో ఆసుపత్రి ఫోను వేలాడుతూ. సంగతంతా ఒక్క చూపులో పట్టేసింది. "యూనివర్సిటీకి చేశావా?" "చేశాను. రానన్నాను." "స్కూలుకి?" "వాళ్ళకీ." చెల్లెలు బెంచీ మీద కూలబడింది. తిడుతుందని టీచరమ్మ కాచుకుని కూర్చుంది, తిట్టనీ, ఇవాళ ఎవరేమన్నా చల్లగానే ఉంటుంది. చెల్లెలు తిట్టలేదు. బూటు కొస వైపు చూస్తూ, ఎవరికీ వినపడకుండా అంది, "డాక్టర్లు కూర్చునే రోజు కాదుగానీ, మామూలు రోజుల్లో... నాకూ ఒక కుర్చీ వెయ్యవే."

"నీకెందుకే? గడగడా మాట్లాడతావుగా."

"మాట్లాడతానక్కా. నేను మాట్లాడేది నాకు వచ్చు. వాళ్ళు గబగబా చెబితే సగం ఊహించుకుని, వార్డులో ఇంకెవరినైనా అడిగి, ఒకటికి పదిసార్లు సరిచూసుకుని నెట్టుకొస్తున్నాను. ఇన్నేళ్ళయ్యాక అర్థం కాలేదంటే పరువు పోదూ?" కళ్ళలో నీళ్ళు, పెదాల మీద నవ్వు, చిన్నప్పుడు లెక్క రాకపోతే అచ్చం ఇలాగే ఉండేది మొహం.

టీచరమ్మ ఏదో అనబోయింది. ఇంతలో చెల్లెలి మెడలో ఫోను మోగింది. అవతల ఎవరో డాక్టరు, ఊపిరాడనివ్వకుండా, వడగళ్ళ వానలా ఏదో చెప్పేస్తున్నాడు, పక్కన కూర్చున్న టీచరమ్మకే రెండు మాటలు అందలేదు. చెల్లెలు వింటోంది, వేళ్ళు బెంచీ అంచుని బిగించి పట్టుకున్నాయి. అక్క వైపు చూసింది. చెల్లెలు గొంతు సవరించుకుని, వెన్ను నిటారుగా పెట్టి, నడవా అంతా వినిపించేట్టు అంది.

"డాక్టర్, నాకు అర్థం కాలేదు. మళ్ళీ మొదటినుంచి చెప్పండి. మెల్లిగా."

అవతల డాక్టరు, మెల్లిగా, మొదటినుంచి, చెప్పడం మొదలుపెట్టాడు.